చివర రాశానండీ

కొత్తది వస్తోందన్న మాట ఆ ఆఫీసులో మూడు నెలలుగా నానుతోంది. కొత్తదంటే కంప్యూటర్లను నడిపించే కొత్త సిస్టమ్. బుధవారం విడుదల. పేపర్లలో మొదటి పేజీ నిండా దాని ప్రకటనే. ఒక్క వాక్యం, చుట్టూ బోలెడంత ఖాళీ: "మీ సమయం మీకు తిరిగి ఇస్తాం." ఎవరి సమయం ఎవరు పట్టుకుపోయారో అందులో రాయలేదు గానీ, జనం మాత్రం పోయినదేదో ఇంటికి తిరిగొస్తోందన్నంత సంబరంగా ఎదురుచూస్తున్నారు.

నీటి సరఫరా ఆఫీసు మూడో అంతస్తులో, ఫిర్యాదుల గదిలో ఆరుగురు పనిచేస్తారు. ఆరుగురివీ ఆరు ఆశలు. ప్రింటరు దగ్గర కూర్చునే పెద్దాయన, అది కాగితాలు నమలడం మానేస్తుందని నమ్మాడు. ఆయన పక్కావిడ, పాస్‌వర్డు మరిచిపోయే జబ్బు తనకు నయమవుతుందనుకుంది. ఏది అడిగినా "కొత్తది రానీండి" అనడం అందరికీ అలవాటైపోయింది. ఫ్యాను కిర్రుమంటోందని చెబితే స్టోర్సు గుమాస్తా కూడా "కొత్తది రానీండి, చూద్దాం" అన్నాడు. ఏ కొత్తదో ఆయనకే తెలియాలి.

అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్న మనిషి కిటికీ పక్క సీటులో ఉన్నాడు. ఆయనకు చూపు లేదు. "కళ్లు కాయలు కాచేలా చూస్తున్నానండీ" అని తనే అని, ఎదుటివాళ్లు నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోతుంటే తనే ముందు నవ్వేసేవాడు. తెర మీద ఉన్నదంతా ఒక యంత్రపు గొంతు ఇయర్‌ఫోన్లలో ఆయనకు చదివి పెడుతుంది. దాన్ని మామూలు మాటకు మూడింతల వేగంతో పెట్టుకుంటాడు. ఒకసారి ఇయర్‌ఫోన్ పిన్ను ఊడిపోయి ఆ గొంతు టైపు మిషన్ కొట్టినట్టు గదంతా వినిపించింది. ఆ రోజు నుంచి ఆయన పేరు రేడియో. ఆయన దానికి చిన్నబుచ్చుకోలేదు. కనీసం వినే వస్తువు పేరే పెట్టారు కదా అన్నాడు.

మిగతావాళ్లు రోజుకు నలభై, యాభై ఫిర్యాదులు తేలుస్తారు. రేడియో పక్క సీటులో ఉన్నావిడ అరవై దాటిస్తుంది, అందుకే ఆమె ఎక్స్‌ప్రెస్. రేడియోవి పందొమ్మిదో, ఇరవయ్యో. కళ్లున్నవాళ్లు మొదటి రెండు పంక్తుల మీద చూపు పారించి, అది ఏ కోవకు చెందుతుందో పట్టేసి, తయారుగా ఉన్న జవాబుల్లో ఒకటి తగిలించి ముగించేస్తారు. రేడియోకి చూపు పారించే సదుపాయం లేదు. ఆ గొంతు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతూ పోతుంది, ఆయన వింటూ పోవాలి. పైగా పాత సిస్టమ్‌లో ఏ బటన్ ఎక్కడుందో ఆ గొంతుకి తెలియదు. ట్యాబ్ మీట పదకొండుసార్లు నొక్కితే జవాబుల పెట్టె, పదిహేడుసార్లు నొక్కితే ముగింపు. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి రావాలి.

సోమవారం మధ్యాహ్నం సూపర్‌వైజరు ఆయన సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన వస్తే తాళాలగుత్తి చప్పుడు ముందొస్తుంది.

"రేడియోగారూ, కొత్తదాంట్లో మీకు అన్నీ ఉన్నాయట. మంచి గొంతు, బటన్ల పేర్లు, అన్నీ."

"అవును సార్. నేనూ విన్నాను."

"అయితే ఇక నాకు చెప్పడానికి మీ దగ్గరా, పైవాళ్లకి చెప్పడానికి నా దగ్గరా సాకేమీ ఉండదు. ఈ నెలాఖరుకి రోజుకు నలభై. లేదంటే కింద రికార్డుల గదిలో మీకు కుర్చీ ఉంది. జీతంలో తేడా ఏమీ రాదు, హాయిగా కూర్చోవచ్చు."

ఆ కుర్చీ సంగతి రేడియోకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడాదిపాటు అందులోనే కూర్చోబెట్టారు. ఎవరూ ఏ పనీ చెప్పేవారు కాదు. పది గంటలకు వచ్చి, ఐదింటికి లేచి వెళ్లడం. ఆ ఏడాదిలో ఆయనకు బాగా గుర్తున్నది కుర్చీ చేతి మీద రెక్సిన్ చిరిగిన చోటు, దాన్ని వేలితో తడుముతూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపాడో లెక్కలేదు. మళ్లీ అక్కడికి వెళ్లడం కంటే ఇంట్లో కూర్చోవడమే నయం అనుకుంటాడు. కానీ ఇంట్లో కూర్చోవడం కూడా అదే కుర్చీ కదా.

"నలభై చేస్తాను సార్" అన్నాడు.

సూపర్‌వైజరు వెళ్లాక ఎక్స్‌ప్రెస్ కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, నువ్వు ప్రతిదీ పూర్తిగా వింటావేంటి? జనం ఊరికే రాస్తారు. మా ఆయన ఉత్తరాలు ఇలాగే ఉండేవి. సగం చదివి సరే అనేదాన్ని."

"మిగతా సగంలో ఏముందో?"

"ఏముంటుంది, పెళ్లి చేసుకుందామని. అది మొదటి సగంలోనూ ఉంది." ఆమె పకపకా నవ్వింది. రేడియో కూడా నవ్వాడు. కానీ ఆయనకు తెలిసిన ఒక సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. ఫిర్యాదు రాసేవాళ్లు మొదట మర్యాదలు రాస్తారు, మధ్యలో కోపం, చివర్లో, ఇక ముగించేద్దాం అనుకున్న చోట, అసలు సంగతి.

ఈ సంగతి ఆయన ఆఫీసులో కంటే ఇంట్లో ఎక్కువ నేర్చుకున్నాడు. ఆయన అత్తగారు వాళ్లతోనే ఉంటుంది. ఆయన భార్య ముందుగదిలో బట్టలు కుడుతుంది. పొద్దున్నే కూతురికి సూదుల్లో దారాలెక్కించి, ఒక్కో రంగూ ఒక్కో వరుసగా దిండుకు గుచ్చి పెట్టడం అత్తగారి పని. సాయంత్రం అల్లుడు కాళ్లు కడుక్కుని కూర్చోగానే ఆవిడ పక్కన చేరుతుంది. మేడ మీద వాళ్లు కొత్త తలుపు పెట్టించిన సంగతితో మొదలుపెట్టి, ఆ తలుపు చేసిన వడ్రంగి తమ్ముడి సంబంధం దాకా వెళ్లి, అక్కణ్నుంచి వర్షం, వర్షం నుంచి మోకాలు. మోకాలు దగ్గరికి వచ్చేసరికి ముప్పావుగంట పడుతుంది. "మొన్నటి నుంచి మెట్లెక్కలేకపోతున్నాను బాబూ" అన్న ఒక్క మాట చెప్పడానికి అంత దూరం నడిచి వస్తుంది పాపం.

"అమ్మా, ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోనీ" అని భార్య లోపల్నుంచి అరుస్తుంది.

"ఊపిరి తీసుకోవద్దని నేనన్నానా? నేను మాట్లాడుతుంటే ఆయనకు తీరికే కదా" అంటుంది అత్తగారు. ఆ మాటలో అబద్ధం లేదు.

బుధవారం పొద్దున్న సిస్టమ్స్ అమ్మాయి వచ్చి ఆరు కంప్యూటర్లూ మార్చింది. ఆఫీసు సాఫ్ట్‌వేరు కూడా దాంతోపాటే మారింది. గోడకు పెద్ద తెర ఒకటి బిగించారు. ఏ నంబరు గుమాస్తా ఆ రోజు ఎన్ని ముగించాడో దాని మీద అంకెలు పడుతుంటాయి. సూపర్‌వైజరు దాన్ని కాసేపు దగ్గర్నుంచీ, కాసేపు దూరం నుంచీ చూసి మురిసిపోయాడు.

రేడియో దగ్గర ఆ అమ్మాయి ఎక్కువసేపు కూర్చుంది. "సార్, గొంతు వినండి."

వినగానే ఆయన చెయ్యి మీటల మీద ఆగిపోయింది. నిజంగా ఒక మనిషి చదువుతున్నట్టే ఉంది. వాక్యం చివర ఆగుతోంది, పెద్ద వాక్యానికి ముందు గాలి పీల్చుకుంటోంది. "ఈవిడ ఎవరండీ?" అని అడిగి తనే సిగ్గుపడ్డాడు.

"ఎవరూ కాదు సార్. ఇంకోటి కూడా ఉంది. ఈ మీట నొక్కితే ఫిర్యాదు మొత్తాన్ని రెండు ముక్కల్లో చెబుతుంది. సారాంశం అన్నమాట. పెద్దది వినక్కర్లేదు." ఆమె ఒకటి నొక్కి చూపించింది. రెండు పేజీల ఫిర్యాదు ఒక్క వాక్యమైంది: "వీధి కుళాయి నుంచి నీరు వృథాగా పోతోంది."

"ఇక శబ్దాలు. ముగిస్తే ఇలా" అంది. టింగ్ అని చిన్న గంట మోగింది. "ముగించినదాన్ని మళ్లీ తెరిస్తే ఇలా." ఈసారి రెండు స్వరాలు పైనుంచి కిందికి దిగాయి, ఎవరో తలుపు గడియ మెల్లగా తీసినట్టు. "దీన్ని మీరు మళ్లీ వినకపోవచ్చు సార్. ఎవరూ వాడరు. వాడితే ఆ రోజు లెక్కలోంచి ఒకటి తగ్గుతుంది."

ఆయన తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఆ మధ్యాహ్నం ఐదు ఫిర్యాదులకు సారాంశం విని, తర్వాత మొత్తం విని సరిచూశాడు. ఐదూ సరిపోయాయి. ఆరోది సరిచూడటం మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు.

గురువారం గదిలో గంటలే గంటలు. ఆరు సీట్ల నుంచీ టింగ్ టింగ్. బటన్ల పేర్లు వినిపిస్తున్నాయి, ట్యాబులు లెక్కపెట్టే పని లేదు. సారాంశం, కోవ, జవాబు, టింగ్. కొత్త పంపులు బిగిస్తున్నారు కాబట్టి ఆ వారమంతా నీళ్ల ధార తగ్గిందన్న ఫిర్యాదులే ఎక్కువ. వాటికి నాలుగో నంబరు జవాబు తయారుగా ఉంది: "నిర్వహణ పనుల వల్ల కలిగిన తాత్కాలిక అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సమస్య పరిష్కరించబడింది." వేలు దానంతట అది నాలుగు మీదికే పోతోంది. పదకొండున్నర ప్రాంతంలో ఆ గొంతు, "చంటిపిల్లల సంరక్షణ కేంద్రంలో నీళ్ల ధార తగ్గింది" అంది. నాలుగు. టింగ్.

సాయంత్రానికి యాభై ఎనిమిది. ప్రింటరు పెద్దాయన లేచి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మా ప్రింటరు ఇంకా నములుతూనే ఉంది గానీ, రేడియోకి మాత్రం కొత్తది బాగా కలిసొచ్చింది" అన్నాడు. రేడియోకి ఎంత ఆనందంగా ఉందంటే, బస్సులో నిలబడి వెళ్తూ రెండుసార్లు ఊరికే నవ్వాడు. రెక్సిన్ చిరిగిన ఆ కుర్చీ దూరంగా, చాలా దూరంగా వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే అత్తగారు పక్కన చేరింది. "మేడ మీద వాళ్ల తలుపు ఉంది చూశావూ, అది వానకి ఉబ్బి మూసుకోవడం లేదట. ఆ వడ్రంగిని పిలిస్తే..."

"అత్తయ్యగారూ, అసలు సంగతేంటో చెప్పండి" అన్నాడు. విసుగ్గా అనలేదు. రోజంతా యాభై ఎనిమిదిసార్లు చేసిన పనే ఇంకోసారి చేశాడు, అంతే.

ఆవిడ ఆగిపోయింది. చేతిలో ఏదో డబ్బా మూత తీసి మళ్లీ పెట్టిన చప్పుడైంది.

"ఏం లేదు బాబూ" అని లేచి లోపలికి వెళ్లింది.

శుక్రవారం డెబ్భై ఒకటి. ఎక్స్‌ప్రెస్‌వి అరవై ఎనిమిదే. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి, "రైలు మారిపోయింది, ఇకనుంచీ ఆయన్నే ఎక్స్‌ప్రెస్ అనండి" అని చప్పట్లు కొట్టింది. సూపర్‌వైజరు భుజం మీద చెయ్యి వేసి, "ఇదీ కావలసింది" అన్నాడు. ఆ చెయ్యి ఎనిమిదేళ్లలో మొదటిసారి అక్కడ పడింది.

సోమవారం పదకొండింటికి గది తలుపు దగ్గర ఒక ఆడగొంతు వినిపించింది. "ఆరో నంబరు గుమాస్తా ఎవరండీ?"

జవాబుల కింద గుమాస్తా నంబరు ఉంటుంది. కానీ దాన్ని పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు. గంటలు ఆగిపోయాయి.

"నేనేనమ్మా" అని రేడియో లేచాడు. లేస్తుంటే బల్లకు ఆనించిన చేతికర్ర కింద పడింది. ఎవరో తీసి ఇచ్చారు.

ఆవిడ దగ్గరికి వచ్చింది. కోపంగా వచ్చిన అడుగులు, చేతికర్ర చూసి కాబోలు, మధ్యలో నెమ్మదించాయి. అది ఆయనకు కోపం కంటే ఎక్కువ తగిలింది.

"మాది పిల్లల కేంద్రమండీ. పనులకు వెళ్లే తల్లులు పొద్దున్న వదిలిపెట్టి వెళ్తారు. మీరు గురువారం మా సమస్య పరిష్కరించబడిందని పంపారు."

"పంపానమ్మా."

"మొన్న శనివారం మెట్ల కింద గోడ పడిపోయింది."

ఫ్యాను ఒక్కటే కిర్రుమంటోంది.

"శనివారం పిల్లలు రారండీ. నేనొక్కదాన్నే ఉన్నాను, వంటింట్లో. గోడ పక్కనే పదహారు మంచాలుంటాయి. చిన్న చిన్నవి. వాటి మీద పడింది." ఆవిడ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఆయన చేతిలో పెట్టింది. రేడియో అందులోకి వేళ్లు పోనిచ్చాడు. సున్నం పెచ్చు, ఇటుక ముక్క. రెండు రోజులైనా ఇంకా తడిగానే ఉంది. నొక్కితే వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది.

"ఇది మీరు రాశారా అమ్మా? గోడ సంగతి?"

"చివర రాశానండీ."

ఆయన కూర్చున్నాడు. పాత ఫిర్యాదుల్లో దాన్ని వెతికి, సారాంశం కాకుండా మొత్తం తెరిచాడు. అప్పుడు ఇయర్‌ఫోన్ పిన్ను పట్టుకుని లాగేశాడు. వేగం తగ్గించి, మామూలు మనిషి మాట్లాడే వేగానికి తెచ్చాడు. కొత్త గొంతు గదిలో పైకి చదవడం మొదలుపెట్టింది.

"అయ్యా, నమస్కారం. మీ సిబ్బంది ఎంతో శ్రమపడుతున్నారని మాకు తెలుసు. వారం రోజులుగా మా కేంద్రంలో నీళ్ల ధార బాగా తగ్గింది. పిల్లల చేతులు కడగడానికి బకెట్లతో పట్టి పెట్టుకుంటున్నాం. పంపుల పని జరుగుతోందని అన్నారు, కానీ పక్కింటి వాళ్లకు బాగానే వస్తున్నాయి..." అలా చాలాసేపు చదివింది. బకెట్ల సంగతి, పైన ఉండే ఆయన చేసే గొడవ, కిందటేడు ఇచ్చిన అర్జీ నంబరు. ప్రింటరు పెద్దాయన దగ్గాడు. ఎక్స్‌ప్రెస్ వేలు మీట మీదే ఉంది గానీ నొక్కలేదు. చివర్లో ఆ గొంతు మనిషిలాగే గాలి పీల్చుకుంది.

"ఇంకొకటి. మెట్ల కింద గోడ చెమ్మెక్కింది. నొక్కితే వేలు దిగుతోంది. గోడకు ఇవతల పిల్లలు పడుకుంటారు. ఇది మీ శాఖకు సంబంధించినదో కాదో తెలియక చివర రాస్తున్నాను. ఇట్లు."

గొంతు ఆగింది. గోడలో పైపు పగిలి నీళ్లన్నీ అటు పోతుంటే కుళాయిలో ధార తగ్గదూ మరి? ఆ గదిలో పనిచేసే ఎవరికైనా చివరి నాలుగు వాక్యాలు వింటే క్షణంలో అర్థమయ్యేది. ఒక్కడికి అర్థమై ఉండేది ఖాయంగా, కిందటి వారం దాకా.

"ముందే రాస్తే బెదిరిస్తున్నట్టు ఉంటుందేమో అనుకున్నానండీ" అంది ఆవిడ, తప్పు తనదన్నట్టు. "ఎలాగూ మొత్తం చదువుతారుగా అని."

"తప్పు నాదమ్మా" అన్నాడు రేడియో. "నేను పూర్తిగా వినలేదు." ఇంకేదో అందామనుకున్నాడు, సారాంశం గురించి. నోటిదాకా వచ్చింది. అనలేదు. మీట నొక్కినది తన వేలే. ఫోను తీసి పైపులైను వాళ్లను పిలిచి, అడ్రసు రెండుసార్లు చెప్పి, తిరిగి చెప్పించుకున్నాడు.

ఆవిడ వెళ్లిపోయాక ఆ తడి ముక్క బల్ల మీద అలాగే ఉంది. ఆయన ఆ పొద్దున్న ముగించినవన్నీ ముందు తెరిచి, అంకెను సున్నాకి తెచ్చి, గురువారం జాబితా తీశాడు. మొదటిది. మళ్లీ తెరువు. రెండు స్వరాలు పైనుంచి కిందికి దిగాయి. రెండోది. మళ్లీ తెరువు. ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం మరిచిపోయాడు, లేదా మానేశాడు. ఆ చప్పుడు గదంతా వినిపిస్తూనే ఉంది. గురువారంవి యాభై ఎనిమిది అయ్యాక శుక్రవారంవి తీశాడు.

"అన్నయ్యా, బోర్డు మీద నీ అంకె సున్నా కిందికి పోతోంది" అంది ఎక్స్‌ప్రెస్ నెమ్మదిగా.

"ఎంతుంది?"

"మైనస్ తొంభై... తొంభై ఒకటి. ఆపెయ్. ఇప్పటికి చాల్లే."

"డెబ్భై ఒకటి ఉన్నాయిగా శుక్రవారంవి. ఇంకా అవలేదు."

మైనస్ నూట ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. బోర్డుకి మైనస్ గుర్తు వేయడం వచ్చని సిస్టమ్స్ అమ్మాయికి కూడా ఆ రోజే తెలిసింది. అప్పుడాయన మొదటి ఫిర్యాదు మొదటి అక్షరం నుంచి వినడం మొదలుపెట్టాడు. ఐదయ్యేసరికి పదమూడు విన్నాడు. వాటిలో పన్నెండు ఫిర్యాదుల సారాంశం సరిగ్గానే ఉంది. పదమూడోది మీటరు గురించి. దాని చివర, బడికి వెళ్లే దారిలో మ్యాన్‌హోల్ మూత పగిలి ఉందనీ, తాము దాని మీద చెట్టుకొమ్మ ఒకటి అడ్డం పెట్టామనీ ఒక ముక్క ఉంది. పన్నెండు సరిగ్గా ఉండటమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, తనే అత్తగారి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఆవిడ మూడు రోజులుగా పక్కకు రావడం లేదు.

"మేడ మీద వాళ్ల తలుపు సంగతి ఏమైందండీ?"

"ఆఁ, ఏముంది, తలుపు తలుపే" అంది ఆవిడ. ఆయన లేవలేదు. కాసేపటికి ఆవిడకే మనసు నిలవలేదు. తలుపుకి చిత్రిక పట్టించారని చెప్పింది. వడ్రంగి తమ్ముడి సంబంధం తప్పిపోయిందట. ఆ పిల్లకి మెల్ల ఉందన్నారట. మెల్ల ఉంటే ఏంటి, చక్కగా కుడుతుందట. కుట్టుపని కళ్లతో కాదు వేళ్లతో అని చెప్పింది. పక్కగదిలో మిషను చప్పుడు ఆగింది. భార్య వింటోందని ఆయనకు తెలిసింది.

"వారం నుంచి సూదుల్లో దారం ఎక్కడం లేదు బాబూ" అంది చివరికి అత్తగారు, గొంతు బాగా తగ్గించి. "ఎడమ కన్ను మసగ్గా ఉంటోంది. అమ్మాయికి తెలియకుండా పక్కింటి పిల్ల చేత ఎక్కించి దిండుకు గుచ్చుతున్నాను. నీకు చెబుదామంటే... నీతో నా కన్ను గురించి ఏమని చెప్పుకోనూ, సిగ్గేసింది."

రేడియో ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. వేళ్ల చివర సూది గుచ్చుకున్న గాట్లు తగిలాయి. వారం నుంచి ఎన్నిసార్లు గుచ్చుకుందో. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"రేపు సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం అత్తయ్యగారూ. ఆ పిల్లకి ఇంకో సంబంధం ఏదైనా ఉంటే, దారిలో అది కూడా చెబుదురుగాని."

మంగళవారం తాళాలగుత్తి తొమ్మిదిన్నరకే వచ్చేసింది.

"రేడియోగారూ, పైనుంచి ఫోనొచ్చింది. మైనస్ ఏంటని అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

"వినకుండా ముగించినవి తెరిచానని చెప్పండి సార్. పూర్తిగా విని మళ్లీ ముగిస్తాను. వారం పడుతుంది, పది రోజులు పట్టొచ్చు."

"ఆ గోడ విషయం విన్నాను. సరే, జరిగింది, పాపం. పిల్లలకేమీ కాలేదు కదా. దానికని నూట ఇరవై తొమ్మిదీ తెరవాలా? ఆ సారాంశంతోనే పని చేసుకోండి. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి."

"అది వాడలేను సార్."

"నలభై?"

"అవవు సార్. ఇరవై చేస్తాను."

సూపర్‌వైజరు తాళాలగుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆయన పై కుర్చీలో ఇంకొకడు, వాడి పై కుర్చీలో ఇంకొకడు. "చూడండి, నేను మిమ్మల్ని రికార్డుల గదికి పంపాలని కోరుకోవడం లేదు. కానీ ఈ గదిలో ఆరుగురున్నారు. ఐదుగురు ఇదే సిస్టమ్‌తో ఇవే ఫిర్యాదులు ముగిస్తున్నారు. వాళ్లెవరికీ లేని ఇబ్బంది మీ ఒక్కరికే ఎందుకొచ్చిందంటే నేనేం చెప్పాలి? ఇంకెవరైనా ఒక్కటైనా తెరిచారా?"

రేడియో చెయ్యి చాపాడు. బల్ల మీద ఆ ముక్క పొడిగా ఎండిపోయింది. దాన్ని వేలితో తడిమాడు. చిరిగిన రెక్సిన్ గుర్తొచ్చింది.

"మధ్యాహ్నానికి ఆర్డరు టైపు చేయిస్తాను" అన్నాడు సూపర్‌వైజరు. తాళాలగుత్తి తలుపు వైపు తిరిగింది.

పక్క సీటులో ఎక్స్‌ప్రెస్ పొద్దున్నుంచీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గంట కూడా ఒక్కటీ మోగలేదు. ఆ సీటు నుంచి పెదవుల మధ్య గొణుగుడు మాత్రం వినిపిస్తోంది, చదువు కొత్తగా నేర్చినవాళ్లు ఒక్కో మాటా కూడబలుక్కుని చదివినట్టు. ఆ గొణుగుడు పేజీ చివరి దాకా వెళ్లి ఆగింది.

"అయ్యో" అంది ఆమె, తనలో తనే.

అప్పుడు ఆ సీటు నుంచి రెండు స్వరాలు పైనుంచి కిందికి దిగాయి. తాళాల చప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది.